జొన్నదంటు బండి

మొన్న మదనపల్లెలో మా వీధిలోకి ప్లాస్టిక్ బొమ్మల తోపుడుబండి వస్తే చుట్టుపక్కల పిల్లలందరూ ఎగబడ్డారు గానీ, మా ఐదేళ్ళ మనవరాలు మాత్రం గడప మీదనుంచి లేవనైనా లేదు. కుప్పంలో కాపురమున్న నా కూతురు జ్వరమొచ్చి కన్నుమూసినప్పటినుంచి ఈ బిడ్డ నోరు విప్పలేదు. అల్లుడు తెచ్చి నా దగ్గర వదిలి వెళ్ళాడు. డాక్టరమ్మ చూసి గొంతులో ఏ లోపమూ లేదు, ఓపిక పట్టండి అంది. కడుపున పుట్టినదాన్ని మట్టిలో పెట్టి వచ్చినదానికి ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? ఈ పిల్లకూడా చేజారిపోతున్నట్టే ఉండి, ప్రార్థనకు మోకరించినా నాకూ మాట వచ్చేది కాదు.

బొమ్మలవాడు వెళ్ళిపోయాక, పుంగనూరు దగ్గర పల్లెలో మా జేజి, అంటే మా నాయన తల్లి, మాకు చేసిచ్చిన బొమ్మలు గుర్తొచ్చాయి. మెట్ట పల్లెల్లో పెరిగినవాళ్ళకు తెలిసే ఉంటుంది, జొన్నకోతలయ్యాక ఎండిన దంటు పైతొక్క ఒలిచి, లోపలి మెత్తటి బెండును ముక్కలుగా కోసి, ఆ తొక్కనే సన్నటి పుల్లలుగా చీల్చి గుచ్చితే ఎద్దులబండి తయారయ్యేది, మిగిలిన బెండుతో కళ్ళద్దాలో తక్కెడో అయ్యేది. చేలో పనిచేసి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్న జేజి చుట్టూ మేమంతా మూగితే, ఏడ్చేవాడు తన ఏడుపే మరిచిపోయేవాడు. అదొక్కటే ఆశగా పట్టుకున్నాను.

తీరా వెతికితే దంట్లు ఎక్కడా లేవు. కురబలకోటలో గొర్రెలు మేపే మా పిన్నమ్మ కొడుకును అడిగితే నవ్వాడు.

“జొన్నలు యాడుండాయక్కా? అందరూ టమాటానే పెడతాండారు.”

పిచ్చిదానిలా బస్సులు మారి పెద్దమండ్యం పోయాను. అక్కడ ఆవుల మేతకని కాస్త జొన్న వేసుకున్న ఒక ముసలామె నా కథంతా విని, మారుమాట లేకుండా ఓ మోపు కట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చి బిడ్డ పక్కన కూర్చున్నాను. జేజి చేస్తుంటే చూడడమే గానీ నేనెప్పుడూ చేసిందాన్ని కాను. తొక్క వేలిని కోసింది, బెండు పొడిపొడిగా రాలింది, ఇరుసు ఎట్లా గుచ్చాలో తెలియక కట్టిందే మళ్ళీ మళ్ళీ విప్పాను. చివరికి ఆ చిన్నచెయ్యి తనంతట తానే ముందుకొచ్చి చక్రాన్ని పట్టుకుంది. అందులో పుల్ల గుచ్చాను. ఓ పక్కకు ఒరిగిన బండే అయినా దారం కట్టిస్తే వసారా అంతా లాక్కుని తిరిగింది. మెట్టు దిగబోతే చక్రం ఊడిపోయింది.

బిడ్డ ఏడవలేదు. ముక్కలన్నీ ఏరి తెచ్చి నా ఒళ్ళో పోసింది.

“అవ్వా, ఎత్తిపెట్టు. అమ్మొచ్చి బాగు చేస్తాది.”

ఏ గొంతు కోసం అలమటించానో ఆ గొంతే. అట్లాగేనమ్మా అనడానికి నోరు రాలేదు, మీ అమ్మ ఇక రాదని చెప్పడానికి గుండె చాలలేదు. దాన్ని దగ్గరికి లాక్కుని పెద్దగా ఏడ్చేశాను.

ఇప్పుడు మాట్లాడుతోంది, కానీ అడిగేదల్లా అమ్మ ఎప్పుడొస్తుందనే. అమ్మ పోయిందని ఇన్నాళ్ళూ దానికి ఎవరమూ చెప్పనేలేదు. మా చిన్నప్పుడు ఎవరైనా పోతే ఇల్లంతా జనమే; అత్తో పిన్నమ్మో పక్కింటామో తల్లిలేని బిడ్డను చంకనెత్తుకుని, ఉన్నమాట చెప్పి, దానితోపాటు తామూ ఏడ్చేవాళ్ళు, ఆ భారం ఏ ఒక్కరి మీదా పడేది కాదు. తలుపులన్నీ మూసుకున్న ఈ వీధిలో ఆ మాట నేనొక్కదాన్నే చెప్పాలి. పొద్దుటినుంచి దంట్లు ఒలుస్తూ కూర్చున్నాను. ఇంకా చెప్పలేదు.