కారుల ఇరుక్కపోయిన సీడీ

మేము కొన్నది సెకండ్ హ్యాండ్ కారు. దాని ప్లేయర్‌ల ఒక సీడీ ఇరుక్కపోయి ఉండె. బయటికి రాదు, కారు స్టార్ట్ చేస్తే చాలు మోగుడు షురూ. బీరంగూడ మెకానిక్ చూసి, "డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలె మేడమ్. పాటలే గదా, వినుండ్రి" అన్నడు. ముందటి అరల దాని ఖాళీ డబ్బా దొరికింది. చదివితే తెలిసింది, అవి బ్రిటన్ జానపద పాటలు, ఒక్కొక్కటి ఒక్కొక్కరు పాడినయి.

మొదట్ల మస్తు చికాకు లేసేది. గుమ్మడిదల కాడ మందుల కంపెనీల నా డ్యూటీ. పొద్దుగాల లారీల నడుమ పోవుడే పరేషాన్, పైనుంచి వీళ్ళ ఫిడేలు ఒకటి! పోంగ పోంగ అలవాటైంది, అలవాటైనంక ఇష్టమైంది. అందుల ఒక ముసలాయన ఏ వాయిద్యం లేకుండ పాడుతడు. మాటలు సగం తెల్వకున్నా, మా పెద్దబాపు కల్లు తాగొచ్చి అరుగు మీద కూసోని తీసిన రాగం లెక్కనే ఉంటది. తెల్లోళ్ళంటే మనల్ని ఏలినోళ్ళనే తెలుసు నాకు. వాళ్ళల్ల గూడ దున్నేటోళ్ళు, మొగుడు పడవెక్కి పోతే ఏడ్సేటోళ్ళు ఉన్నరని ఆ సీడీతోనే తెలిసింది.

మా అమ్మ నాట్లల్ల పాట ఎత్తేది. నాటు పడుతదంటే ముందుగాల ఆమెనే పిలిచేటోళ్ళు. పొలం ప్లాట్లైనంక నా దగ్గరికొచ్చింది. పాట బంద్ అయింది, మెల్లగ మాట గూడ తగ్గింది. నాకు గుబులైంది. ఆదివారమొస్తే ఆమె ముందట ఫోన్ పెట్టి "పాడమ్మా, రికార్డ్ చేస్త" అనేదాన్ని. టీవీ బంద్, ఫ్యాన్ బంద్. నేను, మా ఆయన, బిడ్డ ఊపిరి బిగవట్టి కూసునేటోళ్ళం. అమ్మ మా మొకాలు చూసి, "యాదికి లేదు బిడ్డా" అని లేచిపోయేది. నా పానం ఉసూరుమనేది. పాటలే పోయినయా, ఇంకేమన్న గూడ పోతున్నదా అని భయం.

మొన్న వానకాలంల మోకాళ్ళు చూపియ్యనీకి అమ్మను సంగారెడ్డి తీస్కపోతున్న. బిడ్డ వెనక సీట్ల కూసున్నది. పటాన్‌చెరు కాడ జామ్ అయింది. సీడీల పడవోళ్ళ పాట వస్తున్నది. ఒకాయన ఎత్తుతడు, గుంపు అందుకుంటది.

"ఎవరే వీళ్ళు?" అన్నది అమ్మ.

"ఇంగ్లండోళ్ళమ్మా. పడవల మోకు గుంజుకుంట పాడుతరట."

"అబ్బో! దొరలు గూడ కూలి చేసిండ్రా?" అని నవ్వింది.

ఆయన మల్ల ఎత్తిండు. గుంపు అందుకునే జాగల అమ్మ గొంతు గూడ కలిసింది. మాటలు లేవు, ఉత్త రాగం. ఆయన పాడేటప్పుడు ఆగుతున్నది, వంతు రాంగనే అందుకుంటున్నది. ఓర్నీ, నా తెలివి పాడుగాను! అందుకునేటోళ్ళు ఉంటెనే గదా నాటు పాట. మేమేమో పరీక్ష పెట్టేటోళ్ళ లెక్క నోరు మూసుకోని కూసుంటిమి.

సౌండ్ తగ్గించిన. "అమ్మా, నువ్వు ఎత్తు. మేము అందుకుంటం."

"మీకు వస్తదానే?"

"రాకుంటే తిట్టు."

ఎత్తింది. ముందు గొంతు బొంగురుపోయింది, రెండో చరణానికి తేటగయింది. ఒక్క మాట గూడ మర్చిపోలే. నేను తప్పు అందుకున్న, నా బిడ్డ ఇంకా తప్పు.

"థూ, గట్ల గాదు! ఏందా ఉరుకుడు? నాటేసుకుంట పాడేది, జెర నిమ్మళంగ!" అని కసిరింది. ఆ కసురు విని ఎన్ని రోజులైందో. సంతోషానికి నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. ఫోన్ సంచిలనే ఉన్నది, తియ్యబుద్ధి కాలే.

ముందటి లారీలు కదిలినయ్, వెనక హారన్లు మొదలైనయ్. నేను పాట ఆపి గేర్ వేసిన.

"ఆపినవేందే?" అన్నది అమ్మ. "నడుపుకుంటనే అందుకో. చేతులల్ల పని ఉండాలె. ఇంకా మడి సగం గూడ కాలే."