అమ్మ గంజిలో నా ఎంజైము

పిడికెడు జొన్నపిండితో ఒక పడుగునూ, అమ్మ మేడారం ప్రయాణాన్నీ ఒకేసారి ముంచినవాణ్ని నేను. ఎట్లాగో చెబుతాను. నవ్వుకోండి, నాకు అలవాటే.

డెబ్బైల చివర, వరంగల్‌లో బీఎస్సీ రెండో ఏడు చదువుతున్నాను. మాది నేతపని. పడుగు పోగులు మగ్గం మీద తెగకుండా వాటికి గంజి పట్టించాలి. ఆ చిక్కటి గంజిని కలిపీ కలిపీ అమ్మ భుజాలు పట్టేసేవి. జాతర బస్సు ఎల్లుండి పొద్దున. నా కామెర్లు తగ్గినందుకు మేడారం తల్లులకు బెల్లం మొక్కు ఉంది. పడుగు పని ముగిస్తేనే అమ్మకు ప్రయాణం.

ఆ వారమే ఎంజైముల పాఠం విన్నాను. కొత్త సైన్సువాడు పొద్దెరగడు.

"అమ్మా, మొలకెత్తిన జొన్నల్ల ఎంజైమని ఉంటది. దానికో గుంట. గంజిల పిండిపదార్థం తాళంల చెవి లెక్క అండ్ల కూసుంటది, ముక్కలైతది, బయటికొస్తది. ఏండ్లు పట్టే పని నిమిషాల్ల అయితది."

"మరి తాళం అరగదా?"

"అరగదు. మళ్లా ఇంకోదాన్ని పడ్తది."

"నా లెక్కనే అన్నట్టు," అన్నది అమ్మ.

మొలకల పిండి గోరువెచ్చటి గంజిలో కలిపాను. కాసేపటికి అది నీళ్లలా జారింది. అమ్మ వేళ్ల మధ్య రుద్ది చూసింది.

"జిగట లేదు బిడ్డా."

"పలుచగుంటే నూలుకు మంచిగ ఎక్కుతది. నువ్వు ఫికర్ చెయ్యకు."

తెల్లారి వాడకట్టంతా వచ్చి వీధిలో పడుగు చాపి గంజి పట్టించారు. ఎండినా పోగు బిరుసెక్కలేదు, నీరసం వచ్చినట్టు వేలాడింది. పైగా ఈ కొస నుంచి ఆ కొసకు చీమలు. పిండి ముక్కలైతే తీపవుతుందన్న సంగతి నేను పరీక్ష కోసమే దాచుకున్నాను.

"చీమలు సుత నేత నేర్చుకుంటానయి," అన్నాడు పక్కింటి మల్లయ్య మామ.

బాపు నవ్వలేదు. "మళ్ల వండుండ్రి," అన్నాడు.

అమ్మ వండింది. తప్పు దిద్దుకుందామని ఆ గంజిని నేనే చల్లార్చి పాత కుండలో పోశాను. నిన్నటి గంజి అడుగున కొంచెం మిగిలి ఉంది, పారబోయడం ఎందుకనుకున్నాను. సాయంత్రానికి అదీ నీళ్లయింది.

"ఏందిరా ఇది?" అన్నాడు బాపు.

"ఆ ఎంజైము ఇంకా పనిచేస్తాంది బాపూ."

మర్నాడు పొద్దున, జాడించి ఆరేసిన పడుగుకు మూడో గంజి పట్టిస్తుంటే వీధి చివర జాతర బస్సు ఆగింది. మల్లయ్య మామ భార్య కిటికీలోంచి కేకేసింది.

"వదినె, తల్లులకు ఏం చెప్పమంటవ్?"

అమ్మ గంజిలోంచి చేతులు తీయలేదు.

"రెండేండ్లకు మళ్ల జాతరకు వస్తనని చెప్పు. అప్పటికి వీని సదువు అయిపోతది."

తర్వాత నేను ముప్పై ఏళ్లు పిల్లలకు ఎంజైములే చెప్పాను. ఇప్పుడు అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను: అడగకుండా ఎవరి గంజిలోనూ వేలు పెట్టను. అమ్మ పోయి ఆరేళ్లు. మా ఇంట్లో గంజి వండేవాళ్లు లేరు. ప్రమాణం నిలబెట్టుకోవడం తేలికే.