మీటరు మీద బొట్టు

బట్లహళ్ళి వెంకటరాయప్పకు సేద్యం కలిసిరాలేదు. చిక్కబళ్ళాపురం దగ్గర నూలుకు రంగులద్దే ఫ్యాక్టరీలో బాయిలర్ పనికి చేరి, ఆ వేడిలోనే తల నెరిపించుకున్నాడు. పక్కన మిట్టేమరి బయ్యప్ప ఉండబట్టి ఆ వేడి వేడిగా అనిపించలేదు. ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఒకే బెంచీ. మధ్యాహ్నం క్యారియర్లు విప్పితే ఎవరి సంగటి ఎవరు తిన్నారో వాళ్ళకే తెలిసేది కాదు.

ఏటా ఆయుధపూజకు బాయిలర్‌ను పెళ్ళికూతురిలా ముస్తాబు చేసేది బయ్యప్పే. ఆవిరి ఒత్తిడి చూపే మీటరు అద్దానికి గంధం పూసి ఇంత కుంకుమ పెట్టేవాడు. పూజలో పెట్టిన బొట్టు తుడవకూడదు, దానంతట అది రాలాలి. 2006లో ఆ బొట్టు సరిగ్గా ప్రమాదపు హద్దు చూపే ఎర్రగీత మీద పడింది. ముల్లు గీత దాటినా ఎవరికీ కనిపించలేదు. చివరికి సేఫ్టీ వాల్వ్ కేకపెట్టి ఆవిరి కక్కింది. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం.

ఆ ఏడే ఫ్యాక్టరీలో భద్రతకు కొత్త పద్ధతి పెట్టారు. ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, అదెంత పెద్దదో తూచడం, దిద్దుకోవడం, దిద్దింది నిలిచిందో లేదో మళ్ళీ చూడడం, అందరికీ నేర్పడం. గోడమీద కన్నడలో ముచ్చటగా రాయించారు. త్రుటిలో తప్పిన ప్రమాదమైనా చెప్పండి, ఎవరినీ ఏమీ అనం అన్నాడు సేఫ్టీ ఆఫీసరు. వెంకటరాయప్ప నమ్మి, బొట్టు సంగతి చెప్పాడు. పూజ అయిన వెంటనే అద్దం తుడవాలని నియమం వచ్చింది. మంచిదే. కానీ పైవాళ్ళకు నియమంతో కడుపు నిండలేదు, మనిషి కావాల్సి వచ్చాడు. బయ్యప్పను ఇంటికి పంపేశారు.

ఆ తర్వాత బెంచీ మీద ఒక్కడే కూర్చుంటే వెంకటరాయప్పకు ముద్ద దిగేది కాదు. బయ్యప్ప మీద బెంగ పట్టుకుంది. ఫ్యాక్టరీలోనూ ఎవరూ నోరు మెదపలేదు. పైపు కారుతున్నా చూడనట్టే పోయేవాళ్ళు. ఏడాది ఓపిక పట్టి, ఒక ఉదయం మీటింగులో లేచాడు.

"సార్, బయ్యప్పను పంపించినాక ఎవురూ నోరిప్పుతా లేరు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే సార్."

ఆఫీసరు మంచివాడు. బయ్యప్పను మళ్ళీ పనిలోకి తీసుకునేలా పైవాళ్ళతో పోట్లాడి ఒప్పించాడు. ఆ కబురు పట్టుకొని వెంకటరాయప్ప బాగేపల్లి మీదుగా బయ్యప్ప ఊరు మిట్టేమరి వెళ్ళాడు. దారంతా సంతోషమే. బయ్యప్ప చేనిలో కలుపు తీస్తున్నాడు. మంచినీళ్ళిచ్చి, చెప్పిందంతా విన్నాడు.

"నేను రానప్పా," అన్నాడు. "నువ్వు చెప్పింది తప్పు గాదు. బొట్టు తుడిసేదే సరి."

"మరి ఎందుకు రావప్పా?"

"ఆ పొద్దు నీ పక్కనే కూకోని సంగటి తింటాంటిని. నాకొక మాట చెప్పకుండా పోయి ఆ ఆఫీసరుకు చెప్తివి."

వెంకటరాయప్ప నీళ్ళ చెంబు గట్టుమీద పెట్టి లేచాడు. బయ్యప్ప బస్సు దాకా వచ్చి పక్కనే నిలబడ్డాడు. తనతో 'మళ్ళీ రాప్పా' అంటాడేమోనని, బస్సు కదిలేదాకా వెంకటరాయప్ప ఎక్కలేదు.