చెవి దగ్గర కాయ

పదకొండేళ్లుగా కొబ్బరికాయలు ఏరుతున్నాను. రాజోలు దగ్గర ఒక షావుకారుగారి కొబ్బరి కొట్టులో నా పని అదే. కాయను చెవి దగ్గర పెట్టి ఊపాలి. నీళ్లు గలగలమంటే ఒక గుట్ట. నీళ్లింకి, లోపలి కొబ్బరి ఎండి చిప్పనొదిలి టకటకమని కొట్టుకుంటే అది కురిడీ, ఇంకో గుట్ట. నేను చదివిన చదువు ఇంతే.

కొట్టు వెనక గదిలోనే మా కాపురం. నేను పని మానేస్తే గది ఖాళీ చేయాలి. నేనెప్పుడు నోరెత్తినా మా ఆయన అనేది ఒకటే: "మరి గదో?" గది, గది! దానికున్న ఒక్క కిటికీ కూడా కాయల గుట్టల వైపే తెరుచుకుంటుంది. నాకు ఊపిరాడేది కాదు. నా సంగతి సరే, మా అమ్మాయి ఇంటర్ పూర్తయ్యేలోపు దాన్ని అక్కణ్నుంచి బయటపడేయాలని నా పంతం.

కువైట్‌లో ఒక దుకాణం గోడౌన్‌లో సరుకులు సర్దే ఉద్యోగం ఉందన్నారు. ఇంగ్లీషు ముక్కలు నాలుగు రావాలట. మా అమ్మాయే పంతులమ్మ అయింది.

"సార్ట్ అంటే కలిసిపోయినవాటిని వేరుచేసి, దేని చోట దాన్ని పెట్టడం అమ్మా. సైజును బట్టి అయితే సార్ట్ బై సైజ్. తారీఖును బట్టి అయితే సార్ట్ బై డేట్."

"ఓసి నీ దుంపతెగ, ఇదా! పొద్దస్తమానం నేను చేసేది ఇదేగా!" అన్నాను. నా పనికి ఇంగ్లీషులో ఓ పేరుందని తెలిసి, నిజం చెబుతున్నాను, గర్వపడ్డాను. పొయ్యి దగ్గర కూడా అదే జపం.

అమలాపురంలో పరీక్ష పెట్టారు. బల్ల మీద పాలపొడి డబ్బాలు పేర్చి, "సార్ట్ బై డేట్" అన్నాడు ఉద్యోగాల ఏజెంటు. అర్థం కాలేదా అంటే శుభ్రంగా అయింది. డబ్బా అడుగున తారీఖు చూడాలి. కానీ చేతిలోకి రాగానే డబ్బా చెవి దగ్గరికి వెళ్లిపోయింది. ఊపాను. రెండోదీ ఊపాను. వెనకాల వరసలో వాళ్లు ఫక్కున నవ్వేదాకా నాకు తెలివి రాలేదు. కబురు చేస్తామండీ అన్నారు. చేయలేదు. నా చేతులంటే నాకే అసహ్యం వేసింది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం తిని కొట్టులోకి వచ్చేసరికి, నా గోనెపట్టా మీద మా అమ్మాయి కూర్చునుంది. చెవి దగ్గర కాయ. ఎవరు నేర్పారు దానికి? ఆ కిటికీలోంచి చూస్తూ పెరిగింది, ఒకరు నేర్పాలా!

షావుకారుగారు కుర్చీలోంచి అడిగారు. "ఏవమ్మా, ఏం కాయ?"

"ఆయ్, కురిడీయేనండీ."

"అచ్చం అమ్మ చెవే వచ్చేసింది! సెలవుల్లో నువ్వు కూడా రామ్మా," అని మురిసిపోయారాయన.

నాకు ఒళ్లు మండిపోయింది. కాయ లాక్కున్నాను. "లే! లే అక్కణ్నుంచి! పో, పుస్తకం తియ్యి!" అని అరిచాను. అది బిత్తరపోయి గదిలోకి పోయింది. నాకు ఏడుపొచ్చింది.

ఎవరూ చూడకుండా ఆ కాయ నా చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. పిల్ల తప్పు చెప్పి ఉంటే బావుండునని. టకటకమంది. తీసుకెళ్లి కురిడీల గుట్టలో వేశాను.