జంట సుడిని దాచిన ముంగురులు

మొన్న మా మనవరాలి పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దావిడ, పలకరింపులైనా ముగియకముందే పిల్ల జడ విప్పి, మెడ వెనుక సుడి ఉందేమోనని వేళ్ళతో వెతికింది. పిల్ల తల వంచుకుని కూర్చుంది. నాకు కోపం వచ్చింది. ఆ కోపం వెనకే, కలలో వచ్చినట్టు, నానిన ఉలవల వాసనా, మధుర దగ్గర వాడిపట్టిలో మా పాత కొట్టమూ, అందులో ముక్కు దాకా వేలాడే ముంగురులతో నిలబడ్డ ఎర్ర గుర్రమూ వచ్చి నిలిచాయి.

అవి కుంపిణీవారి రోజులు. తాత దాన్ని మధుర సంతలో కొని తెచ్చాడు. తెల్లవారి మంచులో అది తల విదిలిస్తే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. ఆ జుట్టు కింద నుదుటి మీద పక్కపక్కనే రెండు సుడులున్నాయని మా ఇంట్లోవారికే తెలుసు. జంట సుడి గుర్రం లాగే బండి ఎక్కిన ఆడదానికి పసుపు కుంకుమలు నిలవవని ఆనాటి భయం. సంగతి పొక్కితే గుర్రాన్ని రాళ్ళు మోయడానికి సున్నపు బట్టీకి తోలేయవలసిందే. అందుకని అవ్వ రోజూ ఆ ముంగురులకు ఆముదం పట్టించి, గాలికి లేవకుండా నుదుటికి అణిచేది. ఆముదానికి దారి దుమ్మంతా అంటుకుని, జుట్టు తాడులా బిగిసి, కంటిని ఒరుసుకునేది. కన్ను ఎర్రబడింది, నీరు కారింది, చివరికి తెల్లని పొర కమ్మసాగింది.

ఆ గుర్రమంటే మా చిన్నత్తకు, అంటే నాన్న చెల్లెలికి, ప్రాణం. ఆమెకు చిన్నమనూరు సంబంధం కుదిరింది. పెళ్ళయ్యాక ఆ బండిలోనే అత్తవారింటికి వెళ్ళాలని తాత నిర్ణయం. ముంగురులు కత్తిరిస్తే కన్ను దక్కుతుంది గాని సుడులు బయటపడతాయి. అక్కడికి చేరాక చూసుకుందాం అన్నాడాయన. ఆ దుమ్ము దారి ముగిసేసరికి చూసుకోవడానికి కన్నే ఉండదని ఇంట్లో అందరికీ తెలుసు.

బండి కట్టిన ఉదయం, మగపెళ్ళివారంతా వాకిట్లో ఉండగా, చిన్నత్త పట్టుచీరతోనే వచ్చి గుర్రం ముందు నిలబడి కత్తెర తీసింది.

"వద్దే పాపా, వాళ్ళు చూస్తుండారు!" అని అవ్వ గొంతు తగ్గించి కసిరింది.

"చూడనీమ్మా. కన్ను పోతే నీ ఆముదం తెచ్చిస్తుందా?"

జుట్టు నేల రాలింది. గుర్రం వెలుతురుకు రెప్పలు ఆడించింది. పెళ్ళికొడుకు పెద్దమ్మ గుండె బాదుకుంటూ తమిళంలోకి దిగింది. "ఐయయ్యో, ఇరట్టె సుళి, జంట సుడి! ఈ బండి మాకొద్దు, దీన్ని అమ్మేయండి!"

పెళ్ళికొడుకు మెల్లగా తలపాగా తీసి ఆమె ముందు తల వంచాడు. "నా నెత్తినా రెండుండాయి పెద్దమ్మా. నన్నూ సంతకు తోలిపోండి మరి."

ముందు అవ్వే నవ్వింది. అతను బండెక్కి చిన్నత్తకు చెయ్యి అందించాడు.

తరువాత వేసవుల్లో నేను చిన్నమనూరు వెళ్ళినప్పుడు, కొబ్బరితోటల నీడలో ఆ గుర్రం రెండు కళ్ళతో నన్ను చూసేది. కనుబొమల పైకి చక్కగా కత్తిరించిన దాని జుట్టును గాలి కదిలించేది. చిన్నత్తను కట్టుకున్న ఆ మామ మునిమనవల్ని ఎత్తుకున్నాకే పోయాడు. అప్పుడు కూడా పరామర్శకు వచ్చిన ఒకామె, గుర్రం సుడి ఊరికే పోతుందా అని గొణిగింది. అన్నేళ్ళు ఓపిక పట్టిన సుడి ఎలాంటిదో నాకు నేటికీ అర్థం కాదు.

ఇప్పుడు మధురకు రైలు వచ్చింది. కొట్టంలో కట్టెలు పేర్చుకున్నాం. గుర్రాల సుడులు చూసేవారు లేరు, వారి వేళ్ళు మాత్రం ఆడపిల్లల జడల్లోకి చేరాయి. మా పిల్ల మెడ మీద సుడి దొరికిందట. కబురు పంపుతామని వెళ్ళారు, పంపరు. ఆ సాయంత్రం పిల్ల జడ మళ్ళీ అల్లుతూ, దానికి ఈ కథంతా చెప్పాను. తలపాగా తీసి తల వంచిన ఆ పెళ్ళికొడుకు ముఖం లాంటిది, ఇన్ని పెళ్ళిళ్ళు చూశాను గాని, మా వాకిట్లో మళ్ళీ కనిపించలేదు.