ఎక్స్‌రే మీద పసుపు బొట్టు

జార్జి టౌన్‌లోని మా బడిలో నాలుగో తరగతికి పద్యం చెబుతుండగా దగ్గు తెర వచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న చేతిరుమాలు మీద ఎర్రటి చుక్క కనబడింది. పాఠం ఎలాగో పూర్తి చేశాను గానీ, ఆ రోజు నుంచి నా కూతురు లలితను ఎత్తుకోలేదు. దానికప్పుడు రెండేళ్లు.

స్పుటమ్, అంటే కఫం, పరీక్షలో పాజిటివ్ వచ్చింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి మీద మచ్చ, వాళ్ల మాటలో ప్యాచ్, ఉందన్నారు. టి.బి. రోగులను శానటోరియంలో చేర్చడం మేలా, ఇంట్లో ఉంచి మందులివ్వడం మేలా అని పోల్చి చూస్తున్న క్లినిక్ నేను చూపించుకున్నది. ఎవరెక్కడన్నది డాక్టరుగారు కూడా ఎంచరు. అంటించిన కవరు చించితేనే తెలుస్తుంది. నా కవరులో 'ఇల్లు' అని వచ్చింది. వాషర్‌మెన్‌పేట్‌లో మాకున్నవి రెండే గదులు. వెనక గది నాది, ముందు గది అత్తయ్యది, లలితది.

పి.ఏ.ఎస్. మందు మింగినప్పుడల్లా కడుపులో తిప్పేది. ఆరు నెలలు గడపకివతల కూర్చుని, అవతల పిల్ల ఆడుకుంటుంటే చూశాను. బతకాలన్న ఆశ కంటే విసుగే ఎక్కువగా ఉండేది.

ఆరో నెల బయట తీయించిన ఎక్స్‌రే ఫిల్మ్ ఆ రాత్రి ఇంట్లో ఉంచి, మర్నాడు క్లినిక్‌కు తీసుకెళ్లాను. అత్తయ్యా వచ్చింది. మా డాక్టరుగారు వెలుతురుకు పట్టి చూసి, "ప్యాచ్ పోయినట్టే ఉందమ్మా" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో ఆయన ముఖం మారింది. ఫిల్మ్ మూల పసుపు బొట్టు ఉంది.

కొత్త బట్టకీ శుభలేఖకీ పెట్టినట్టే అత్తయ్య దీనికీ పెట్టింది. తుడిస్తే మరక ఇంకా పెద్దదైంది.

"మళ్లీ తీయాలి," అన్నారాయన. "దీన్ని చదివే డాక్టరు వేరే. ఆయనకు నంబరు తప్ప ఏమీ తెలియకూడదు. ఈ బొట్టు చూస్తే ఇంట్లో ఉంటున్న రోగిదని ఇట్టే తెలిసిపోతుంది."

"ఏంది సార్ తప్పు? ఆడ చూసేవాళ్లకి కొంచెం మనసు కరగొద్దా?" అంది అత్తయ్య.

"కరగకూడదనేనమ్మా. నాకు ఎప్పుడో కరిగింది. ఈమె బాగుపడాలని ఉంది కాబట్టి, నా కంటికి బాగుపడినట్టే కనబడుతుంది."

నాకు ఒళ్లు మండింది. నా దగ్గు ఒక్కసారైనా వినని మనిషా, నా బిడ్డను నేనెప్పుడు ఎత్తుకోవాలో చెప్పేది?

కొత్త ఫిల్మ్ చదివి ఆ వేరే డాక్టరు రాసింది ఇంతే: ప్యాచ్ చిన్నదైంది, పోలేదు. కఫంలోని క్రిముల్ని పెంచి చూసే కల్చర్ పరీక్ష కూడా పాజిటివే. మా డాక్టరుగారు ఆ కాగితం నా ముందు పెట్టారు. "నా కన్ను తప్పు చూసిందమ్మా. ఆ రోజే పిల్లను ఎత్తుకోమని చెప్పి ఉంటే..." అన్నారు. మరో ఆరు నెలలు అవే మందులు మింగాను.

ఏడాది నిండాక ఆ చదివే మనిషే "క్లియర్" అని రాశారు. కల్చర్ నెగటివ్ వచ్చింది. మా డాక్టరుగారు నవ్వుతూ చెప్పినా, కాగితం చూసేదాకా నేను నమ్మలేదు. ఇంటికొచ్చి గడప దాటి లలితను ఎత్తుకున్నాను. అది కొత్త మనిషిని చూసినట్టు నన్ను చూసి, ఏడ్చి, అవ్వ వైపు చేతులు చాచింది.

రెండేళ్లయింది. బడికి వెళ్తున్నాను. మెట్లెక్కితే ఇంకా ఆయాసం వస్తుంది. లలిత నా పక్కనే పడుకుంటోంది. ఆ డాక్టరు పేరు నాకింతవరకూ తెలియదు, నా పేరు ఆయనకూ తెలియదు. తెలియకపోబట్టే నా బిడ్డకు దగ్గు రాలేదు.

నాలాగే ఈ జబ్బుతో వచ్చిన మీకు ఒక్కటే చెబుతాను. ఎక్స్‌రే చదివేవారికి ముందుగా మీ గోడు వినిపించకండి. వారిని చదవనివ్వండి, ఏడుపు తర్వాత ఏడవొచ్చు.