ట్రైలర్‌లో కనిపించిన మనిషి

కదిరిలో బస్సెక్కగానే, ఆ రోజే వచ్చిన ఒక సినిమా ట్రైలర్ ఫోన్‌లో పెట్టుకున్నాను. ఫైట్లు బాగున్నాయే అనుకుంటుండగా పక్క సీటులో ఉన్న నడివయసు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అది మా చేనప్పా. బీడు భూమి కావాలని మా ఊరికొచ్చి తీసినారు. ఇంగొకసారి ఎయ్యి."

మళ్లీ వేశాను. కరువు జనం హీరో వెనకాల నడిచే చోట ఆమె తెర మీద వేలు పెట్టింది.

"ఆపు, ఆపు. ఎర్ర టవల్ చుట్టుకోనుండాడే, ఆయప్పే మా ఇంటాయన."

ఆపితే ముఖం అలుక్కుపోయినట్టు కనిపించింది. ఆమె మాత్రం దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"చెనిక్కాయ పంట ఎండిపోయినాక పురుగుల మందు తాగినాడు. ఆధార్ కార్డులో తప్ప యాడా ఫోటో లేదు. సినిమాలో శానాసేపు కనపడతాడా?"

"కనబడతాడమ్మా" అన్నాను, నాకేమీ తెలియకపోయినా.

ఆమె ముదిగుబ్బలో దిగిపోయింది. నేను పేరైనా అడగలేదు.

సినిమా విడుదలైన రోజే వెళ్లాను. జనం నడిచే ఆ సీను మొత్తం తీసేశారు. ట్రైలర్‌లో ఉన్న ఆ ఒక్క క్షణం కూడా లేదు. చివరి పేర్లన్నీ పడి లైట్లు వెలిగేదాకా కూర్చున్నాను. ఆమె కూడా ఏదో ఒక హాల్లో అలాగే కూర్చుని ఉంటుంది.